తెలుగు స్వరలిపి గుర్తులు – కంప్యూటర్ పాఠం: ఒక విమర్శనాత్మక పరిశీలన

తెలుగులో అచ్చయిన సంగీత గ్రంథాలలోని స్వరలిపిని ఒక పాఠంగా పరిగణించే అలవాటు సాహిత్య పరిశోధనలో అరుదు. కృతి సాహిత్యానికి పాఠాంతరాలు సేకరిస్తారు, యతిప్రాసలు పరిశీలిస్తారు, పదవిభాగం గురించి చర్చిస్తారు. ఆ సాహిత్యం పైవరుసలో ఉన్న స్వరాక్షరాలను మాత్రం సంగీతజ్ఞులకు వదిలివేస్తారు. సంగీతజ్ఞులు వాటిని పాడుకోవడానికి వాడతారే గాని పాఠపరిష్కరణ దృష్టితో చూడడం తక్కువ. ఈ రెండు శాఖల నడుమ ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోయినవి స్వరాక్షరాల మీది చుక్కలు, కింది చుక్కలు, కాలాన్ని తెలిపే గీతలు, గమకాల గుర్తులు. పుస్తకం లోహపు అచ్చులో ఉన్నంతకాలం ఈ ఉపేక్ష వల్ల పెద్ద హాని జరగలేదు. పాత పుస్తకాలు కంప్యూటర్‌లోకి ఎక్కుతున్న దశలో మాత్రం ఈ గుర్తులే ముందుగా రాలిపోతున్నాయి. అవి అక్షరాలా, అక్షరాల మీది అలంకరణా అన్న ప్రశ్నకు టైపు చేసేవారు, సాఫ్ట్‌వేర్ రాసినవారు, పరిష్కర్తలు తలా ఒక సమాధానం ఇచ్చుకోవడమే దీనికి మూలకారణం.

తెలుగు లిపిలో స్వరలేఖనానికి సుదీర్ఘమైన ముద్రణ చరిత్ర ఉంది. వీణ రామానుజయ్య ‘సంగీత సర్వార్థ సార సంగ్రహము’ 1859లో చెన్నపట్టణంలో వెలువడింది. 19వ శతాబ్ది చివరి దశకాలలో తచ్చూరు సింగరాచార్య సోదరుల గ్రంథాలు అభ్యాసకులకు ఆధారమయ్యాయి. వీటన్నిటికీ శిఖరం సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. తమిళ దేశంలో, స్థానిక జమీందారు ఆదరణలో, ముత్తుస్వామి దీక్షితుల వంశీయుడు కూర్చిన ఈ మహాగ్రంథం తెలుగు లిపిలో వెలువడింది. అప్పటి దక్షిణ దేశంలో సంగీతానికి తెలుగు ఎలాంటి ఉమ్మడి లిపిగా ఉండేదో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు. భారతీయ సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలోకి మార్చే ప్రయత్నం చేసిన ఎ. ఎమ్. చిన్నస్వామి ముదలియార్ ప్రోత్సాహం ఈ గ్రంథం వెనుక ఉంది. పాశ్చాత్యలిపికి ఉన్న సూక్ష్మత తెలుగు స్వరలిపికి ఎందుకు ఉండరాదన్న పట్టుదల ప్రదర్శినిలోని గుర్తుల పట్టికలో కనిపిస్తుంది. కంపితానికి అలగీత, స్ఫురితానికి మూడు చుక్కలు, పైకి కిందికి సాగే జారులకు వాలుగీతలు, నొక్కుకు ఆంగ్లాక్షరం డబ్ల్యూను పోలిన గుర్తు, ఒదుక్కల్‌కు గుణకారపు గుర్తు, ఇలా ప్రతి గమకానికీ ఒక రూపం ఏర్పడింది. ఇవి స్వరాక్షరం పక్కన వేసిన వ్యాఖ్యానాలు కావు. ఒక స్వరాన్ని ఏ విధంగా పలకాలో చెప్పే లేఖనభాగాలు. గుణింతపు గుర్తు లేని హల్లు ఎంత అసంపూర్ణమో, దీక్షితుల దృష్టిలో గమకపు గుర్తు లేని స్వరం అంత అసంపూర్ణం.

ఈ లేఖనం ప్రత్యేకత మరొకటుంది. తెలుగు గుణింతమే ఇక్కడ సంగీతార్థాన్ని మోస్తుంది. ‘స’ అంటే ఒక అక్షరకాలం, ‘సా’ అంటే రెండు. కామా ఒక అక్షరకాలపు పొడిగింపు, సెమీకోలన్ రెండింటి పొడిగింపు. వేంకటమఖి సంప్రదాయంలో ర, రి, రు, గ, గి, గు, మ, మి, ద, ది, దు, న, ని, ను అన్న అచ్చుల భేదమే స్వరస్థాన భేదాన్ని తెలుపుతుంది. అంటే మేళస్వరాలను చెప్పేచోట అచ్చు గుణం శ్రుతిని, స్వరలేఖనంలో అచ్చు దీర్ఘం కాలాన్ని సూచిస్తాయి. లిపిలోని అంగాలను ఇంత పొదుపుగా వాడుకున్న స్వరలేఖనానికి స్థాయి, వేగం, గమకం అన్న మూడింటికి మాత్రమే కొత్త గుర్తులు అవసరమయ్యాయి. ఆ మూడూ అక్షరం పైనో కిందనో ఖాళీ చోటును ఆశ్రయించాయి. చిక్కు అక్కడే మొదలైంది.

పోయిన గుర్తు – తిరిగి రాని పాఠం

గుర్తులు పోతే ఏమవుతుందన్న దాన్ని పాఠవిమర్శ పద్ధతిలో చూడాలి. అన్ని గుర్తుల లోపమూ సమానం కాదు. వేగాన్ని తెలిపే పై గీతను తీసుకుంటే, ఒక గీత కింది స్వరాలు తమ విలువలో సగం కాలాన్ని, రెండు గీతల కిందివి పాతిక కాలాన్ని తీసుకుంటాయి. ఆదితాళపు ఆవర్తంలో క్రియలు 8. క్రియకు నాలుగు అక్షరకాలాల లెక్కన మొత్తం 32. ‘సరిగమ’ అన్న నాలుగు స్వరాలు ఒక గీత కింద ఉంటే రెండు అక్షరకాలాలే పడతాయి. గీత ఎగిరిపోతే అవే నాలుగవుతాయి. ఒక ఆవర్తంలో అలాంటి గుంపులు రెండు ఉన్నచోట గీతలు పోయినప్పుడు లెక్క 36కు చేరుతుంది. తాళం తప్పింది కనుక లోపం ఉన్నదని పరిష్కర్తకు తెలుస్తుంది. ఎక్కడ ఉన్నదో మాత్రం తెలియదు. నాలుగు అక్షరకాలాలు మిగలాలంటే ఆవర్తంలోని ఏ ఎనిమిది స్వరాలను కుదించినా లెక్క సరిపోతుంది. సాహిత్యాక్షరాల పొందిక కొంత దారి చూపుతుంది. చిట్టస్వరాలలోనూ సాహిత్యం లేని ముక్తాయింపులలోనూ ఆ ఆధారమూ ఉండదు.

స్థాయి చుక్క పోయినప్పుడు లోపం ఉన్నట్టే తెలియదు. ‘స ని ద ప’ అన్న సంచారంలో సకారం మీద చుక్క ఉంటే తారషడ్జం నుంచి మధ్యస్థాయి పంచమానికి దిగడం. సకారానికి చుక్క లేక తక్కిన మూడింటి కిందా చుక్కలుంటే మధ్యషడ్జం నుంచి మంద్రపంచమానికి దిగడం. చుక్కలు తొలగిస్తే రెండు సంచారాలూ అవే నాలుగు అక్షరాలు. లెక్క తప్పదు, తాళం చెడదు, రాగలక్షణానికి భంగం కలిగినట్టు కనిపించదు. ముందు వెనుక స్వరాల నడకను బట్టి చాలాచోట్ల ఊహించవచ్చు. పంచమం నుంచి నేరుగా షడ్జానికి దాటువేసినచోట ఆ ఊహకు ఆధారం ఉండదు. గమకపు గుర్తు విషయం మరీ విషమం. అది పోయిన పాఠం నిర్దుష్టమైన పాఠంగానే కనిపిస్తుంది. చదివేవాడు తన గురుపరంపర గమకాన్ని అందులో పూరించుకుంటాడు, అదే దీక్షితుల పాఠమని అనుకుంటాడు. ప్రదర్శిని నుంచి కృతులను వట్టి స్వరాక్షరాలతో తీసి ముద్రించడం పాఠాన్ని సులభతరం చేయడం కాదు. వేరొక పాఠాన్ని తయారు చేయడం.

ఈ సందర్భంలో అరసున్నను గుర్తు చేసుకోవడం అప్రస్తుతం కాదు. ఆధునిక ఉచ్చారణలో వినిపించని అరసున్నకు యూనికోడ్ తెలుగు విభాగంలో సొంత స్థానం ఉంది. వ్యుత్పత్తికీ సంధికీ అది అవసరమని పండితులు దాన్ని కాపాడుకున్నారు. పలికినప్పుడు స్పష్టంగా వినిపించే, ఎనిమిది స్వరాల దూరాన్ని తెలిపే తారస్థాయి చుక్కకు ఆ గౌరవం దక్కలేదు.

తెలుగు అక్షరం మీద చుక్క

యూనికోడ్‌లో తెలుగు విభాగం 1991 నాటి మొదటి కూర్పు నుంచి ఉంది. అందులో స్థాయి చుక్కలు లేవు. అంతమాత్రాన చుక్క పెట్టడం అసాధ్యమేమీ కాదు. అన్ని లిపులకూ ఉమ్మడిగా వాడదగిన సంయోజక చిహ్నాలలో పైచుక్క 0307 స్థానంలోనూ, కిందిచుక్క 0323 స్థానంలోనూ, పైగీత 0305 స్థానంలోనూ ఉన్నాయి. చిక్కంతా వాటిని తెలుగు అక్షరం మీద కూర్చోబెట్టడంలోనే. రోమన్ అక్షరాల నెత్తి ఖాళీగా ఉంటుంది. తెలుగు అక్షరం నెత్తిన తలకట్టు ఉంటుంది. రి, ని అన్న రెండు స్వరాలలో తలకట్టు స్థానాన్ని గుడి ఆక్రమిస్తుంది. రీ, నీ అయితే గుడిదీర్ఘం. తారస్థాయి చుక్క పెట్టవలసింది సరిగ్గా ఆ చోటనే. చుక్క ఎక్కడ ఆనాలో ఫాంటులో ముందుగా నిర్ణయించి ఉంచకపోతే అది గుడిలో కలిసిపోవడమో, పక్క అక్షరం మీదికి జారడమో జరుగుతుంది. ‘స రి గ మ’ అన్న వరుసలో నాలుగు చుక్కలు నాలుగు ఎత్తులలో నిలిస్తే కన్ను తడబడుతుంది. మంద్రస్థాయిలో ధైవతం మరొక చిక్కు. ‘ధ’ అని రాస్తే అక్షరం కింద ఒత్తుగీత ఉంటుంది, దాని కింద మళ్ళీ చుక్క. అనేక సంగీత పుస్తకాలలో కనిపించే ‘ద’ రూపం వ్యాకరణానికి తప్పుగా తోచినా అచ్చుకూర్పుకు అనుకూలమైనది.

క్రమం సమస్య ఇంకా సూక్ష్మమైనది. కంప్యూటర్‌లో ‘సా’ అంటే సకారం, ఆపై దీర్ఘం, రెండు సంకేతాలు. చుక్క దీర్ఘానికి ముందు రావాలా, తరువాత రావాలా? హల్లుకూ గుణింతానికీ నడుమ పరాయి గుర్తు చొరబడితే అక్షరం విడిపోయి, దీర్ఘం చుక్కల వలయం మీద ఒంటరిగా నిలబడడం తెలుగు టైపు చేసేవారికి పరిచితమైన దృశ్యమే. ఏదైనా ఒక ఫాంటులో రెండు క్రమాలూ తెరమీద ఒకేలా కనిపించినా లోపలి పాఠాలు వేరు. యూనికోడ్ క్రమబద్ధీకరణ నియమాలు ఈ రెండింటినీ ఒకటిగా చేయవు, ఎందుకంటే తెలుగు గుణింతపు గుర్తులను దాటి చుక్క కదలదు. ఒక గ్రంథాన్ని ఇద్దరు టైపు చేసి రెండు క్రమాలు పాటిస్తే, ఒక సంచారం కోసం వెతికినప్పుడు సగం ఫలితాలే దొరుకుతాయి. గుణింతం ముగిసిన తరువాతనే చుక్క అన్న నియమాన్ని ఏ పరిష్కరణకైనా మొదటి పుటలోనే ప్రకటించాలి.

నాగరి లిపిలో ఈ చిక్కుకు ఒక అడ్డదారి దొరికింది. అక్కడ అనుస్వారం అక్షరం నెత్తిన చుక్కే. అక్షరం కింద చుక్కకు నుక్తా ఉంది. తారషడ్జం కోసం సకారానికి అనుస్వారం, మంద్రస్వరం కోసం నుక్తా టైపు చేస్తే కాగితం మీద పని జరిగిపోతుంది. లోపలి పాఠం మాత్రం ‘సం’ అవుతుంది. తెలుగు సున్న అక్షరం పక్కన నిలుస్తుంది కనుక ఆ ప్రలోభం ఇక్కడ లేకపోయింది, అది ఒక విధంగా అదృష్టం. 2021లో యూనికోడ్ 14వ కూర్పు తెలుగుకు కూడా నుక్తాను చేర్చింది. అన్యభాషా ధ్వనులను తెలుగులో రాయడానికి ఉద్దేశించిన చిహ్నమది. అక్షరం కింద చుక్క రూపంలో ఉంటుంది కనుక మంద్రస్థాయికి దాన్ని వాడుకోవచ్చునన్న ఆలోచన సహజంగానే రావచ్చు. అది సరికాదు. రూపసామ్యం అర్థసామ్యం కాదు. కంప్యూటర్ దృష్టిలో నుక్తా హల్లు ధ్వనిని మార్చే గుర్తు. స్థాయి చుక్క ధ్వనిని మార్చదు, శ్రుతిని మారుస్తుంది.

కొత్తగా చిహ్నాలు కోరడం అత్యాశ అనుకునేవారికి తెలుగు లిపిలోనే సమాధానం ఉంది. వేదపాఠాన్ని తెలుగు లిపిలో ముద్రించే సంప్రదాయం కోసం స్వరిత, అనుదాత్త చిహ్నాలు నాగరి విభాగంలో ఉన్నా తెలుగుతో కలిపి వాడదగినవిగా యూనికోడ్ గుర్తించింది. 2009లో వైదిక చిహ్నాలకు ప్రత్యేక విభాగమే ఏర్పడింది. బాలినీస్ లిపి 2006లో యూనికోడ్‌లో చేరినప్పుడు ఆ లిపి విభాగంలోనే సంగీత చిహ్నాలు, అక్షరాలపై కూర్చునే సంయోజక చిహ్నాలతో సహా, చోటు చేసుకున్నాయి. బైజాంటైన్ సంగీత చిహ్నాలు, పాశ్చాత్య సంగీత చిహ్నాలు 2001లోనే వచ్చాయి. లిపికీ సంగీతానికీ మధ్య యూనికోడ్ గోడ కట్టలేదు. ప్రదర్శినిలోని గమక చిహ్నాల వంటి వ్యవస్థకు అక్కడ చోటు కోరాలంటే ముందుగా ముద్రిత ఆధారాలను సక్రమంగా కూర్చి చూపాలి. ఆ పని తెలుగు శాఖలది కూడా.

సంగీత సాఫ్ట్‌వేర్‌లో స్వరాక్షరం

ఇక సంగీతలేఖనానికే ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ సంగతి. సిబేలియస్, డోరికో, మ్యూజ్‌స్కోర్, లిలీపాండ్ వంటివి అయిదు గీతల పాశ్చాత్య లేఖనాన్ని ఆధారంగా చేసుకున్నవి. వాటిలో తెలుగు అక్షరం చేరగలిగేది సాధారణంగా సాహిత్యం వరుసలో. అంటే స్వరాక్షరాలను టైపు చేస్తే అవి సంగీతం కావు, సంగీతం కింది మాటలు. ఆ వరుసలో ప్రత్యేకాక్షరాలకు సాఫ్ట్‌వేర్ తనదైన అర్థాలు పెట్టుకుంది. ఖాళీ అంటే తరువాతి స్వరానికి వెళ్ళమని. హైఫన్ అంటే మాట విరిగిందని. లిలీపాండ్‌లో అయితే జంట హైఫన్, జంట అండర్‌స్కోర్ విరుపుకూ పొడిగింపుకూ గుర్తులు. మన లేఖనంలో కాలాన్ని కొలిచే కామా, సెమీకోలన్ అక్కడ వట్టి విరామచిహ్నాలు. ‘సా , రి ;’ అని రాస్తే యంత్రానికి వాటిలో ఆరు అక్షరకాలాల సంగతి కాక నాలుగు ముక్కల మాట కనిపిస్తుంది. స, సా, కామా, సెమీకోలన్ విలువలను లెక్కించడం ఏ చిన్న ప్రోగ్రామ్‌కైనా సులభమే. ఆ వ్యవస్థ పునాది వేరు కనుక వాటిని లెక్కించదు.

ఈ సాఫ్ట్‌వేర్ల మధ్య వినిమయానికి 2004లో మొదటి కూర్పు వెలువడిన మ్యూజిక్‌ఎక్స్ఎమ్ఎల్ స్వరాన్ని ఏ నుంచి జీ వరకు ఉన్న ఏడు పాశ్చాత్య నామాలలో ఒకదానితో, అష్టక సంఖ్యతో గుర్తిస్తుంది. షడ్జాన్ని గాయకుడు తన శ్రుతిలో నిలుపుకునే పద్ధతికి అక్కడ స్థానం లేదు. ఏదో ఒక స్థిరశ్రుతిని షడ్జంగా ఎంచుకొని నింపవలసిందే. గమకచిహ్నాల కోసం కొందరు సంగీత ఫాంట్ల వైపు చూస్తారు. 2013లో స్టైన్‌బర్గ్ సంస్థ బ్రవూరా ఫాంటుతో పాటు ముందుకు తెచ్చిన స్మఫుల్ అమరికలో వేల చిహ్నాలు ఉన్నాయి, టర్కీ, పర్షియా సంగీతాల స్వరభేద చిహ్నాలు కూడా ఉన్నాయి. అవన్నీ యూనికోడ్ ప్రైవేటు వాడుక ప్రాంతంలో ఉంటాయి. ఆ స్థానాల అర్థం వినియోగదారుల ఒప్పందం మీద నిలుస్తుంది. ఒప్పందం ఉన్నంతవరకు మంచిదే. ఒక్క వ్యక్తి తన ఫాంటులో ప్రైవేటు స్థానాలకు గమకాలు కేటాయించుకొని పుస్తకం తయారుచేస్తే, ఆ ఫాంటు లేని యంత్రంలో కంపితానికి బదులు ఖాళీ పెట్టె కనిపిస్తుంది. యూనికోడ్‌కు పూర్వపు తెలుగు ఫాంట్లతో కూర్చిన పుస్తకాలకు పట్టిన గతి ఇదే. సాఫ్ట్‌వేర్ ఆయుష్షు కూడా తక్కువ. 1988లో మొదలై దశాబ్దాల పాటు సంగీత ప్రచురణలో ప్రామాణికంగా ఉన్న ఫైనల్ అభివృద్ధిని 2024 ఆగస్టులో నిలిపివేస్తున్నట్టు దాని తయారీదారులు ప్రకటించారు. 120 ఏళ్ళ కిందటి ఎట్టయపురపు కాగితం ఇంకా చదవగలిగే స్థితిలో ఉంది.

సాధారణ వర్డ్ ప్రాసెసర్లలో పరిస్థితి మరొక తీరు. కిందిగీత ఒక్క మీట దూరంలో ఉంటుంది. పైగీత లిబ్రెఆఫీస్ వంటి కొన్నింటిలోనే సులువుగా దొరుకుతుంది. అందువల్ల కాలగీత అక్షరాల నెత్తి మీది నుంచి కిందికి దిగుతోంది. దిగగానే మంద్రస్థాయి చుక్కలతో కలుస్తుంది. హిందుస్తానీ భాత్‌ఖండే లేఖనంలో స్వరం కింది గీత కోమలానికి గుర్తు. రెండు పద్ధతులూ ఎరిగిన పాఠకుడు రెండవకాలపు రిషభాన్ని కోమల రిషభంగా చదివితే తప్పు అతనిది కాదు. 0305 స్థానపు పైగీతను ఒక్కొక్క అక్షరానికీ తగిలిస్తే వెడల్పు మారే తెలుగు అక్షరాల మీద అది ముక్కలుగా తెగుతుంది. అసలు కాలగీత ఏ ఒక్క అక్షరానికీ చెందదు. ఒక గుంపుకు చెందుతుంది. ఏ స్వరం దగ్గర మొదలై ఏ స్వరం దగ్గర ముగిసిందో అదే దాని అర్థం. కనుక దాన్ని అక్షరచిహ్నంగా కాక, గుంపు ఆద్యంతాలను తెలిపే నిర్మాణసూచికగా పాఠంలో నిక్షేపించి, గీతను తెరమీద ఆ సూచిక నుంచి పుట్టించడం సరైన పద్ధతి. స్థాయిచుక్క అక్షరధర్మం, కాలగీత వాక్యధర్మం. రెండింటినీ ఒకే ‘ఫార్మాటింగ్’ గంపలో వేయడం వల్లనే ఇంత గందరగోళం.

ఛందస్సు బోధించేవారికి ఈ ఇబ్బంది కొత్తది కాదు. పద్యపాదం మీద గురులఘువులు గుర్తించి గణవిభజన చూపే పుటలో, ఖాళీలు కొట్టి పై వరుసను కింది వరుసకు సరిచేస్తారు. ఫాంటు మారితే గురువు పక్క లఘువు మీదికి జరుగుతుంది. గురులఘు చిహ్నాలు పోయినా పద్యం నుంచి వాటిని మళ్ళీ సాధించవచ్చు, ఛందస్సు పద్యంలోనే ఉంది. స్వరలిపిలో ఆ వెసులుబాటు లేదు.

ప్రదర్శిని వంటి గ్రంథానికి కంప్యూటర్ పరిష్కరణ చేపట్టేవారు ఈ గుర్తులను మూడు తరగతులుగా విడదీసుకోవలసి ఉంటుంది. స్థాయిచుక్కలు అక్షరపాఠంలో, గుణింతం తరువాత, ఉమ్మడి సంయోజక చిహ్నాలుగా. కాలగీతలు, తాళవిభాగాలు నిర్మాణసూచికలుగా. గమకాలు మాత్రం ప్రస్తుతానికి ప్రైవేటు స్థానాలలో కాక, ప్రతి స్వరానికీ కట్టిన మాటలలో: కంపితం, స్ఫురితం, నొక్కు అని దీక్షితులు పెట్టిన పేర్లతోనే. పేరు చదవగలిగిన ఏ యంత్రమైనా, తరువాతి కాలపు ఏ ఫాంటైనా దాని నుంచి గుర్తును గీయగలదు. గుర్తు నుంచి పేరును రాబట్టడానికి మాత్రం మూలపుస్తకం ముందున్న పట్టిక కావాలి. ఛాయాప్రతులలో మొదటి పుటలు చిరిగినప్పుడు ఆ పట్టికే ముందుగా పోతుంది. టైపు చేయడానికి పూనుకునేవారు ముందుగా చేయవలసిన పని ఆ పట్టికను ఒకటికి మించిన ప్రతులతో సరిచూసి, గ్రంథంలో వాస్తవంగా వచ్చిన గుర్తులతో పోల్చడం. పట్టికలో ఉండి గ్రంథంలో రానివి, గ్రంథంలో వచ్చి పట్టికలో లేనివి ఏవైనా ఉంటే వాటిని అలాగే నమోదు చేయాలి తప్ప దగ్గరి గుర్తుతో సర్దుబాటు చేయరాదు.